ఆకుకూరల మడిలో నత్రజని చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

నాగావళి, చంపావతి పరీవాహకంలోని తేలికపాటి ఎర్రనేలల్లో తోటకూర, పాలకూర పెంచేవారు ఆకు రంగు తగ్గగానే యూరియా చల్లుతారు. అయితే యూరియా నేలలో మొదట అమ్మోనియంగా, ఆ తరువాత సూక్ష్మజీవుల చర్యతో నైట్రేట్‌గా మారుతుంది. ఈ రెండింటికీ మొక్క ఒకే విధంగా స్పందించదు కాబట్టి, ఎంత వేశామన్నదానితో పాటు వేరు దగ్గర ఏ రూపం మిగిలి ఉందో కూడా చూడాలి.

ఆకు ముదురు పచ్చగా ఉన్నా మొక్క గిడసబారి, అంచులు మాడి, వేళ్లు గోధుమరంగుకు తిరిగితే

అమ్మోనియం పేరుకుపోయిందని అనుమానించాలి. నీరు నిలిచిన మడిలోనూ ఆమ్ల నేలలోనూ అది నైట్రేట్‌గా మారడం మందగిస్తుంది; మాగని కోళ్ల ఎరువు మీద యూరియా కూడా పడితే పరిస్థితి మరింత విషమిస్తుంది. అమ్మోనియం పీల్చుకునే వేరు తన చుట్టూ ఆమ్లతను పెంచుతుంది, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియంలను తగినంతగా తీసుకోలేకపోతుంది. పాలకూర దీనికి త్వరగా లొంగుతుంది. ముందు నీరు తీసివేసి, మట్టిని పైపైన గుల్లచేయాలి. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ ఆపి, అవసరమైతే నత్రజని దాదాపు అంతా నైట్రేట్ రూపంలో ఉండే కాల్షియం నైట్రేట్‌ను కొద్దిగా ఇవ్వాలి. సున్నం మాత్రం భూసార పరీక్ష చెప్పిన మేరకే వేయాలి. తరువాతి పంటకు బాగా మాగిన గత్తం వాడాలి.

పెద్ద వాన తరువాత అడుగు ఆకులు పసుపెక్కితే

నైట్రేట్‌ను మట్టి రేణువులు పట్టి ఉంచలేవు కనుక అది నీటితో పాటు వేళ్లకు అందని లోతుకు దిగిపోయి ఉంటుంది. ఎరువును చిన్న మోతాదులుగా విడదీసి, వాన వెలిసిన తరువాత వేయాలి. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం కావచ్చు. దానికి నత్రజని మందు కాదు.

ఆకు ఏపుగా పెరిగినా నీరుకారి, త్వరగా కుళ్లితే

బజారులో ముందుగా అమ్ముడుపోయేది ఈ కట్టే కావచ్చు గాని, ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన లక్షణం ఇదే. అధిక నత్రజనితో ఆకు కణజాలం మెత్తబడుతుంది, విటమిన్ సి తగ్గుతుంది. ఆకులో నైట్రేట్ మాంసకృత్తులుగా మారాలంటే వెలుతురు కావాలి. ముసురు రోజుల్లో అది మారక కాడల్లో నిలిచిపోతుంది. నైట్రేట్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ణయించిన రోజువారీ పరిమితి శరీర బరువులో కిలోకు 3.7 మిల్లీగ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 185 మిల్లీగ్రాములు. అందుకని ఆకుకూరలు మానుకోనక్కరలేదు; ఉడికించిన నీరు పారబోస్తే నైట్రేట్‌లో కొంత భాగం పోతుంది, దానితో విటమిన్ సి కూడా పోతుందన్నది వేరే సంగతి. రైతు మబ్బు రోజుల్లో పైపాటు ఎరువు తగ్గించి, కోతకు ముందు కొన్ని రోజులు నత్రజని ఆపడం మేలు. తెల్లవారుజామున కోసే అలవాటు అమ్మకానికి అనుకూలమే అయినా, ఎండ తగిలిన తరువాత సాయంత్రం కోసిన ఆకులో నైట్రేట్ సాధారణంగా తక్కువగా ఉంటుంది.

పాలకూరలో ఆక్సలేట్లు తగ్గాలంటే

నైట్రేట్ ఒక్కటే ఇచ్చినప్పుడు ఆక్సలేట్లు (ఆకులోని కాల్షియంను పట్టి ఉంచి ఒంటికి సరిగా అందనీయని పదార్థాలు) పెరుగుతాయి, కొంత అమ్మోనియం కలిస్తే తగ్గుతాయి. అమ్మోనియం మరీ ఎక్కువైతే మొదటి చిక్కు తిరిగివస్తుంది గనుక, నత్రజని రెండు రూపాల్లోనూ సగం సగం ఉండే కాల్షియం అమ్మోనియం నైట్రేట్ ఇక్కడ మధ్యేమార్గం.

యూరియా పిచికారీ తరువాత ఆకు కొసలు మాడితే

ద్రావణం చిక్కనైనా, ఎండలో కొట్టినా ఇలా అవుతుంది. లేత ఆకుకు లీటరు నీటికి 10 గ్రాములు మించకుండా, చల్లపూట పిచికారీ చేయాలి. మాడిన ఆకు కోలుకోదు. దాన్ని కోసివేసి, తేలికగా నీరు పెట్టి కొత్త చిగురు కోసం ఆగాలి.