రక్తం రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 7వ పాఠం: తిన్నా ఒంటికి పట్టని బీ12

కిందటి పాఠంలో ఎర్రకణాలు చిన్నవైపోయే రక్తహీనత చూశాం. ఈసారి కణాలు ఉబ్బి పెద్దవయ్యే రకం, అందులో పెర్నీషియస్ అనీమియా, అంటే తిన్న బీ12 విటమిన్ ఒంటికి పట్టక వచ్చే రక్తహీనత.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 55 ఏళ్ళావిడ. గుడ్లు, చేపలు బాగానే తింటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నాలుక ఎర్రగా, నున్నగా ఉండి, కాస్త కారం తగిలినా భగ్గుమంటుంది. అరికాళ్ళు తిమ్మిర్లు. నడుస్తూంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. తలంటుకుంటూ కళ్ళు మూసుకుంటే తూలిపోతోంది. ఇంట్లో వాళ్ళు వయసు మీద పడిందనుకున్నారు.

ఈ తూలడం దగ్గర ఆగండి. కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాలు వెన్నుపాము వెనక భాగంలో ఉంటాయి. బీ12 తగ్గి అవి దెబ్బతింటే మనిషి కళ్ళతో చూసుకుంటూ సర్దుకుంటాడు. కళ్ళు మూస్తే ఆ ఆసరా కూడా పోతుంది. పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూయించి డాక్టర్లు చూసేది దీన్నే. చేసేటప్పుడు పక్కన పట్టుకోవడానికి మనిషి ఉండి తీరాలి.

ఇప్పుడు రిపోర్టు. హిమోగ్లోబిన్ 7.8. ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు, 114; మామూలుగా 80 నుంచి 100 ఉండాలి. మైక్రోస్కోపు కింద కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఎర్రకణాలు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కేంద్రకానికి సాధారణంగా మూడు నాలుగు తమ్మెలుంటాయి, ఇక్కడ ఆరు కనిపించాయి. బీ12 స్థాయి మిల్లీలీటరుకు 120 పికోగ్రాములు. 200 కంటే తక్కువైతే లోపమనే అనుకోవచ్చు. 200–300 మధ్య ఉంటే, బీ12 తక్కువైతే రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ ఆసిడ్ పరీక్ష తేలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఐరన్ లోపం కూడా తోడైతే ఎంసీవీ మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది.

లోపం తేలింది. మరి ఎందుకొచ్చింది? పాలు కూడా ముట్టని శాకాహారులకు తిండి వల్ల రావచ్చు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకూ రావచ్చు. ఈవిడకు ఆ రెండూ లేవు. 1920ల చివర్లో బోస్టన్‌లో విలియం కాసిల్ అనే డాక్టరు పచ్చి గొడ్డుమాంసం తాను తిని, గంట తర్వాత కక్కి తీసి, దాన్ని రోగులకు ట్యూబు ద్వారా ఇచ్చాడు. వాళ్ళు కోలుకున్నారు. అదే మాంసం నేరుగా పెడితే ఏ ప్రయోజనమూ లేదు. అంటే రోగి జీర్ణాశయంలో ఏదో కరువైంది. అదే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్. బీ12 దానితో జతకట్టి చిన్నపేగు చివరికి వెళ్తేనే రక్తంలోకి చేరుతుంది. ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే ఆ ఫ్యాక్టర్‌ను, దాన్ని తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. కాలేయంలో బీ12 నిల్వ కొన్నేళ్ళకు సరిపోతుంది కాబట్టి జబ్బు చాప కింద నీరులా వస్తుంది.

ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ (ఆ ఫ్యాక్టర్ మీద దాడిచేసే ప్రోటీన్) పరీక్ష పాజిటివ్ వస్తే రోగనిర్ధారణ దాదాపు ఖాయం. నెగటివ్ వస్తే జబ్బు లేదని మాత్రం అనుకోకండి. ఉన్నవాళ్ళలో చాలామందికి ఇది దొరకదు.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్ అనే మరో బీ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అది ఇస్తే ఈ రోగుల రక్తం పెరిగింది, కానీ నరాల దెబ్బ ఆగలేదు, కొందరిలో ముదిరింది కూడా. అందుకే రక్తం తక్కువుందని మెడికల్ షాపులో ఫోలిక్ ఆసిడ్ కొనిచ్చేయడం ప్రమాదం. ముందు బీ12 చూడాలి. పరీక్షకు రక్తం తీశాకే ఇంజెక్షన్. అయితే నరాల లక్షణాలుంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు.

చికిత్స ఎర్రగా ఉండే బీ12 ఇంజెక్షనే. ఒక పద్ధతిలో హైడ్రాక్సోకోబాలమిన్ (బీ12లో ఒక రకం) 1000 మైక్రోగ్రాములు వారానికి మూడుసార్లు రెండు వారాలు, తర్వాత రెండు మూడు నెలలకొకటి. నరాలు దెబ్బతింటే రోజు విడిచి రోజు, మెరుగు ఆగేదాకా. ఇంజెక్షన్ కుదరనివాళ్ళకు రోజూ 1000–2000 మైక్రోగ్రాముల మాత్ర. ఫ్యాక్టర్ లేకున్నా అందులో ఒక శాతం దాకా లోపలికెళ్తుంది. ఏది వాడాలో డాక్టరే నిర్ణయించాలి.

వారంలో రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా పుట్టిన ఎర్రకణాలు, ఎగబాకుతాయి. రక్తం బాగా పడిపోయినవాళ్ళలో ఈ మొదటి రోజుల్లో పొటాషియం తగ్గవచ్చు, చూసుకోవాలి. రెండు నెలల్లో హిమోగ్లోబిన్ సర్దుకుంటుంది. నరాలకు నెలలు పడుతుంది, ఆలస్యం చేసిన మేరకు కొంత తిరిగి రాకపోవచ్చు. "బాగైపోయింది కదా" అని ఇంజెక్షన్లు మానేసినవాళ్ళకు జబ్బు మళ్ళీ వస్తుంది. ఇది జీవితాంతం సాగే వైద్యం.

అభ్యాసం: థైరాయిడ్ మాత్రలు వాడే 48 ఏళ్ళ మనిషి. ఎంసీవీ 96, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది) తక్కువ, బీ12 150, యాంటీబాడీ నెగటివ్, అరికాళ్ళు తిమ్మిర్లు. ఎంసీవీ ఎందుకు పెరగలేదు? ముందు ఏం మొదలుపెట్టాలి? కాగితం మీద రాసి ఉంచండి, 8వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.