యుద్ధనౌక మరమ్మతు కాంట్రాక్టు: విప్పాక బయటపడే పనికి ముందే సిద్ధపడటం

యుద్ధనౌకలో ఏ ట్యాంకు మూత తెరిచినా టెండరు కాగితాల్లో రాసినదానికంటే ఎక్కువ పనే కనిపిస్తుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. అయినా చాలామంది గుత్తేదారులు ఆ ఎక్కువ పనికి డబ్బు రాబట్టుకోలేకపోతున్నారు. బిడ్ వేసేటప్పుడే దానికి దారి వేసుకోకపోవడమే కారణం.

టెండరు చేతికి రాగానే మొత్తం ధర గురించి ఆలోచించకండి. ముందు ప్రతి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడండి. "ఫ్రేమ్ 42 నుంచి 46 వరకు, పోర్టు వైపు, బ్యాలస్ట్ ట్యాంకులో అడుగు ప్లేటు మార్చాలి" అని ఉంటే అది హద్దున్న పని (ఫ్రేమ్ అంటే నౌక పొడవునా వరుసగా నంబరు వేసిన పక్కటెముక, పోర్టు అంటే ముందుకు చూస్తే ఎడమ వైపు, బ్యాలస్ట్ ట్యాంకు అంటే నౌక నిలకడ కోసం నీళ్లు నింపే ట్యాంకు). "అవసరమైన చోట ప్లేట్లు మార్చాలి" అని ఉంటే దానికి హద్దు లేదు. అలాంటి వాక్యం కనబడితే ప్రీబిడ్ సమావేశంలోనే రాతపూర్వకంగా అడగండి: ఎన్ని కిలోలకు ధర చెప్పాలి? అంతకు మించితే కిలోకు ఏ రేటు? స్టీలుకు కిలో లెక్కన, పైపుకు వ్యాసాన్ని బట్టి మీటరు లెక్కన, వాల్వుకు సైజు లెక్కన, మనిషి గంటకు ఇంత చొప్పున యూనిట్ రేట్ల పట్టిక ఒప్పందంలో ఉంటే, అదనపు పని వచ్చినప్పుడు సగం వాదన ముందే తీరిపోతుంది.

తర్వాత నౌక ఎక్కి చూడాలి. అంచనా వేసే మనిషితో పాటు ఒక ఫిట్టరును, ఒక వెల్డరును కూడా తీసుకెళ్లండి. ప్లేటు బరువు లెక్క తేలిక: చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. 2 మీటర్లు × 1.5 మీటర్ల 10 మి.మీ. ప్లేటు 235.5 కిలోలు. దీని ధర ఎవరైనా చెప్పగలరు. నష్టం వచ్చేది ఆ ప్లేటు చుట్టూ ఉన్నవాటి దగ్గర. వెనకవైపు ఇన్సులేషన్, కేబుల్ ట్రేలు, ప్లేటు మీద నుంచి పోయే పైపు, ట్యాంకు ఖాళీ చేసి కడగడం, లోపలి గాలి సురక్షితమేనా అన్న పరీక్ష, స్కాఫోల్డింగు, వెల్డింగు వేడికి రెండు వైపులా కాలిన రంగును మళ్లీ వేయడం, చివర్లో లీకు పరీక్ష. అడ్డొచ్చేవాటిని తీసి మళ్లీ బిగించడం గుత్తేదారు బాధ్యతేనని చాలా టెండర్లలో ఒక చిన్న వాక్యం ఉంటుంది. అది చదవకుండా కిలో రేటు వేస్తే, స్టీలు మీద వచ్చే లాభమంతా ఇన్సులేషన్‌కే పోతుంది.

ప్రభుత్వం ఇచ్చే సామాను ఏది, మీరు కొనాల్సింది ఏది అన్నది విడిగా రాసుకోండి. వాళ్లిచ్చే వాల్వు వచ్చిన రోజే పెట్టె తెరిచి, పార్టు నంబరు, ఫ్లాంజ్ (పైపుకు బిగించే అంచు) రంధ్రాల సంఖ్య, సీటింగు (వాల్వు మూసుకునే చోటు) చూసి, లోపముంటే అదే రోజు ఉత్తరం పెట్టండి. నెల తర్వాత చెబితే పాడైంది మీ గోడౌన్‌లోనే అంటారు.

ఇక అసలు విషయం. పని విప్పాక కొత్త లోపం బయటపడితే ఆ రోజే నివేదిక ఇవ్వాలి. అమెరికా నౌకాదళపు పనుల్లో దీన్ని కండిషన్ ఫౌండ్ రిపోర్ట్ అంటారు. భారత రక్షణ శాఖ 2025 కొనుగోలు నియమావళిలో నౌకలు, విమానాల మరమ్మతుల్లో ఇలా పెరిగే పనికి ముందే 15 శాతం కేటాయించుకునే వీలు కల్పించారు. పేరేదైనా నివేదికలో ఉండాల్సినవి ఇవే: ఫ్రేమ్ నంబరు, డెక్కు, వైపు, కొలత, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో, మీరు సూచించే మరమ్మతు, సామాను, మనిషి గంటలు, నౌక డాక్ విడిచే తేదీ ఎన్ని రోజులు జరుగుతుందో. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. అదనపు డబ్బు మంజూరై, అదనపు రోజులు మంజూరు కాకపోతే ఆలస్యపు జరిమానా ఆ డబ్బును మింగేస్తుంది.

"తుప్పు పట్టి ఉంది" అని రాస్తే చాలదు. "ఫ్రేమ్ 44 వెనక 300 మి.మీ. దూరంలో, అసలు మందం 10 మి.మీ., మిగిలింది 6.8, 7.1, 6.5" అని రాయండి. అల్ట్రాసోనిక్ మీటరుతో (శబ్ద తరంగాలతో మందం కొలిచేది) రంగు పొర మీద సింగిల్ ఎకోలో, అంటే ఒకే ప్రతిధ్వనితో, కొలిస్తే అది మందం ఎక్కువ చూపిస్తుంది. రంగు గీకి కొలవండి, లేదా రంగు పొరను లెక్కలోంచి తీసేసే మల్టిపుల్ ఎకో మోడ్ వాడండి. ఈ ఒక్క పొరపాటుతో మార్చాల్సిన ప్లేటు బాగున్నట్టు తేలిపోతుంది.

నివేదిక ఇచ్చాక రాతపూర్వక ఉత్తర్వు వచ్చేదాకా ఆ పని ముట్టుకోవద్దు. నౌకలోని ఇంజినీరు అధికారి వచ్చి "ఎలాగూ విప్పారుగా, పక్క వాల్వు కూడా చూసేయండి" అంటాడు. ఆయన కోరిక న్యాయమైనదే, నౌకకు మంచిదే. కానీ డబ్బు ఇప్పించే అధికారం ఆయనకు లేదు. అది కాంట్రాక్టు అధికారికే ఉంటుంది. మర్యాదగా "రాసి పంపిస్తాం సార్, ఆర్డరు రాగానే మొదలుపెడతాం" అనమని ఫోర్‌మన్లందరికీ ముందే చెప్పి ఉంచండి.

హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగు, కటింగు లాంటి నిప్పు పనికి ఇచ్చే అనుమతి) విషయంలో ఏ తొందరా పనికిరాదు. ట్యాంకులో ఆక్సిజన్ 19.5 నుంచి 22 శాతం మధ్య ఉండాలి, మండే ఆవిరి పేలుడు కనిష్ఠ పరిమితిలో (అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదులో) 10 శాతానికి లోపు ఉండాలి. ఉదయం ఇచ్చిన సర్టిఫికెట్ మధ్యాహ్నం పక్క పైపు విప్పగానే చెల్లదు. మళ్లీ పరీక్ష చేయాలి. బల్క్‌హెడ్ (గదుల మధ్య గోడ) మీద వెల్డింగు చేస్తుంటే అవతలి గదిలోనూ ఫైర్ వాచ్ మనిషి, అంటే నిప్పు అంటుకోకుండా కాపలా కాసేవాడు, ఉండాలి. పని ఆగాక కనీసం 30 నిమిషాలు అతను కదలకూడదు. 2020 జులైలో శాన్ డియేగోలో మరమ్మతులో ఉన్న అమెరికా యుద్ధనౌక బోనమ్ రిచర్డ్ నాలుగు రోజులకు పైగా కాలి చివరకు తుక్కుకు పోయింది. నౌకలోని అగ్నిమాపక ఏర్పాట్లు చాలావరకు పనిచేసే స్థితిలో లేవని విచారణలో తేలింది. మీ పనికోసం ఫైర్ మెయిన్ (మంటలార్పే నీళ్ల ప్రధాన గొట్టం) మూయాల్సి వస్తే, బదులు ఏర్పాటు నడుస్తోందని మీ కళ్లతో చూశాకే మూయండి.

రంగు పనిలో ఎక్కువ తిరస్కరణలు రాత్రి షిఫ్టులోనే వస్తాయి. స్టీలు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, తేమ 85 శాతం మించకూడదు. గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే డ్యూ పాయింట్ 24 డిగ్రీలు దాటుతుంది. అంటే ప్లేటు 27 డిగ్రీల పైనే ఉండాలి. నీళ్లు తగిలే ప్లేటు రాత్రికి అంత వేడి నిలుపుకోదు. తడి కంటికి కనబడకపోయినా ఎపాక్సీ కింద చేరి, తర్వాత పొక్కులై లేస్తుంది. అందుకే ట్యాంకు పనికి డీహ్యూమిడిఫైయర్ అద్దె అంచనాలోనే కలపండి. బ్లాస్టింగు (ఇసుకలాంటి రేణువులు కొట్టి ప్లేటు శుభ్రం చేయడం) తర్వాత ప్లేటు మీద ఉప్పు మిగిలిందేమో పరీక్ష చేయించి, అంచులకూ వెల్డులకూ ముందు బ్రష్షుతో ఒక పూత వేసి, ఆ తర్వాత స్ప్రే చేయండి.

తనిఖీ అధికారి చూడకముందే వెల్డు మీద ప్రైమర్ పడితే గీకి మళ్లీ చూపించాల్సిందే. ట్యాంకు గాలి పరీక్షలో మామూలుగా ఒత్తిడిని 0.20 బార్‌కు పెంచి గంటసేపు ఉంచి, 0.15 బార్‌కు దించి సబ్బు నీళ్లతో చూస్తారు. కొత్త వెల్డుకు రంగు వేయకముందే ఈ పరీక్ష పెట్టుకోండి.

ఆఖరి బిల్లు సాధారణంగా కాగితాల దగ్గరే ఆగుతుంది. మందం రీడింగులు, వెల్డరు అర్హత పత్రాలు, రంగు బ్యాచ్ నంబర్లు, పరీక్ష మీద సంతకాలు, పని ఆగిన రోజులను కారణంతో సహా రాసిన డైరీ, ఇవన్నీ ఏ రోజువి ఆ రోజు పని నంబరు వారీగా ఫైలు చేయించండి. నౌక సముద్రంలోకి వెళ్లిపోయాక ఆ సంతకాలు దొరకవు.