కలయిక తర్వాత యోనిలో మంట, నొప్పి: కారణాలు, ఉపశమనం

కలయిక తర్వాత కలిగే మంటకు చాలా సందర్భాల్లో తగినంత తడి లేకపోవడమే కారణం. పాలిచ్చే తల్లుల్లోనూ, నెలసరి ఆగిపోయిన స్త్రీలలోనూ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోని లోపలి పొర పలుచబడుతుంది కనుక, కొద్దిపాటి రాపిడికే అది ఒరుసుకుపోయి, మూత్రం తగిలినప్పుడు చురుక్కుమంటుంది.

వెంటనే ఉపశమనం కావాలంటే, మూత్ర విసర్జన చేసి, బయటి భాగాన్ని మాత్రమే మామూలు నీటితో కడుక్కుని, చల్లటి నీటిలో తడిపి పిండిన మెత్తటి నూలు గుడ్డను దానిపై 10 నిమిషాలు ఉంచాలి. సబ్బు, యాంటీసెప్టిక్ ద్రావణం, ప్రకటనల్లో ఊరించే సుగంధపు వాష్‌లు వద్దు. యోనిలో సహజంగా ఉండే ఆమ్లగుణాన్ని అవి చెడగొడతాయి. మంట పూర్తిగా తగ్గేవరకు కలయికకు విరామం ఇచ్చి, ఆ తరువాత నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ వాడవచ్చు. కొబ్బరినూనె మన ఇళ్లలో అన్నింటికీ మందే గానీ, లేటెక్స్ (సహజ రబ్బరు) కండోమ్‌ను బలహీనపరచి చిరిగేలా చేస్తుంది. కండోమ్ వాడిన ప్రతిసారీ దురద, వాపు వస్తుంటే లేటెక్స్ పడడం లేదేమో చూసుకోవాలి.

విరిగిన పాలలా తెల్లటి స్రావం, దురద ఉంటే ఫంగస్‌ను, చేపల వాసనతో బూడిదరంగు స్రావం ఉంటే యోనిలోని బాక్టీరియా సమతుల్యత దెబ్బతినడం వల్ల వచ్చే బాక్టీరియల్ వాజినోసిస్‌ను అనుమానించాలి. రెండింటికీ మందులు వేరు కాబట్టి, దుకాణంలో ఊహించి క్రీము కొనడం కన్నా పరీక్ష చేయించుకోవడమే మేలు.

నొప్పి పొత్తికడుపులో లోతుగా ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరగడం), గర్భసంచి గడ్డలు, కటి భాగపు ఇన్ఫెక్షన్ కారణం కావచ్చు. జ్వరం వచ్చినా, నొప్పి మళ్లీ మళ్లీ వస్తున్నా, కలయిక తర్వాత రక్తం కనిపిస్తున్నా స్త్రీవైద్య నిపుణురాలిని కలవాలి. నెలసరి ఆగిపోయాక అయితే ఒక్కసారి రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు.