చీలమండ టెండన్ల అల్ట్రాసౌండ్: తెర మీద ఎదురయ్యే చిక్కులు, వాటి పరిష్కారాలు

చీలమండ టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీలు) చర్మం కిందనే ఉంటాయి కాబట్టి 12 మెగాహెర్ట్జ్, అంతకు పైబడిన లీనియర్ ప్రోబ్‌తో (చర్మానికి ఆనించే స్కాన్ పరికరంతో) ఒక్కో పోగూ చూడవచ్చు. పైగా రోగి కాలు కదిలిస్తుండగానే చూడవచ్చు. ఈ సౌకర్యాన్ని వాడుకోని చోటే పొరపాటు రిపోర్టులు పుడుతున్నాయి. ఆ రిపోర్టును నమ్మి ఒక మనిషి సర్జరీకి సిద్ధపడతాడని గుర్తుంచుకోవాలి.

టెండన్‌లో నల్లటి మచ్చ: చిరిగిందా?

తేల్చే ముందు ప్రోబ్‌ను వాల్చి చూడండి. టెండన్‌లోని పోగులు దువ్విన జుట్టులా ఒకే దిశలో ఉంటాయి. ధ్వని తరంగం వాటిని లంబంగా తాకితేనే ప్రోబ్‌కు తిరిగి వస్తుంది. కొద్ది డిగ్రీలు తేడా వచ్చినా పక్కకు పోతుంది, నిక్షేపంగా ఉన్న టెండన్ కూడా నల్లగా కనిపిస్తుంది. దీన్నే అనైసోట్రోపీ అంటారు. చీలమండ బయటి ఎముక వెనుక మలుపు తిరిగే పెరోనియల్ టెండన్లలోనూ, పాదం లోపలివైపున్న నావిక్యులర్ ఎముకకు అతుక్కునే చోట టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్‌లోనూ ఇది తరచూ ఎదురవుతుంది. ప్రోబ్‌ను అక్కడే ఉంచి నెమ్మదిగా అటూ ఇటూ వాల్చితే మచ్చ తెల్లబడి పోగులు బయటపడాలి. ఎంత వాల్చినా, నిలువుగానూ అడ్డంగానూ నల్లగానే ఉంటే అప్పుడు జబ్బును అనుమానించండి.

పెరోనియల్ టెండన్లలో ఒకటైన పెరోనియస్ బ్రెవిస్ దగ్గర మరో మెలిక ఉంది. కొందరిలో దాని కండరం కిందిదాకా దిగి ఉంటుంది, అదీ నల్లగా కనిపించి చీలికను తలపిస్తుంది. ఆ నల్లటి భాగాన్ని అడ్డకోతలో (టెండన్‌కు అడ్డంగా తీసే చిత్రంలో) పైకి అనుసరిస్తూ వెళ్లండి. అది పైనున్న కండరంలో కలిసిపోతే చీలిక కాదు.

అకిలిస్ కొలత ప్రతిసారీ మారుతోంది

మడమ వెనుక ఉండే ఈ టెండన్ కొంచెం ఏటవాలుగా సాగుతుంది కాబట్టి నిలువు చిత్రంలో ఏటవాలుగా కొలిస్తే అంకె పెరుగుతుంది. అడ్డకోతలో ముందు నుంచి వెనక్కు కొలవండి. సుమారు 6 మిల్లీమీటర్లు దాటితే మందమైనట్టే. ఆకారం కూడా చూడండి: మామూలుగా చదునుగానో లోపలికి వంగో ఉండే ముందు అంచు, జబ్బు చేసిన టెండన్‌లో ఉబ్బుతుంది. రెండు కాళ్లలోనూ బాగా మందంగా ఉంటే కొలెస్ట్రాల్ పరీక్ష చేయించమని రాయండి, వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ ఇలాగే బయటపడవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ కోవకు చెందిన యాంటీబయాటిక్స్ ఈమధ్య వాడారా అని కూడా తప్పక అడగండి, అవి టెండన్‌ను దెబ్బతీయవచ్చు.

నొప్పి ఉంది, డాప్లర్‌లో రక్తనాళాలు లేవు

డాప్లర్ అంటే రక్తప్రవాహాన్ని చూపే పద్ధతి. ముందు పాదాన్ని పైకి వంచి ఉంచారేమో చూడండి. టెండన్ బిగుసుకుంటే కొత్తగా పుట్టిన సన్నటి నాళాలు నొక్కుకుపోతాయి. పాదాన్ని వదులుగా ఉంచి, జెల్ ఎక్కువ వేసి, ప్రోబ్‌ను ఆనీ ఆననట్టు పట్టుకోండి.

అకిలిస్ పూర్తిగా తెగిందా, కొంతేనా?

లోపలివైపు ఒక సన్నని పోగు మిగిలి కనిపిస్తే తొందరపడి పాక్షికం అని రాయకండి. అది అకిలిస్ పక్కనే సాగే, తెగకుండా మిగిలిన ప్లాంటారిస్ అనే సన్నని టెండన్ కావచ్చు. పిక్కను చేత్తో నొక్కుతూ తెర చూడండి: పై కొస మాత్రమే కదిలి, కింది కొస కదలకుండా ఉంటే టెండన్ పూర్తిగా తెగినట్టే. పాదాన్ని కిందికి వంచినప్పుడు కొసలు ఎంత దగ్గరవుతాయో కొలిచి రాయండి. చికిత్స నిర్ణయించే వైద్యుడికి ఆ దూరం ఎంతో అవసరం.

బయటి చీలమండ దగ్గర టక్కుమంటోంది, స్కాన్ మాత్రం మామూలుగా ఉంది

కదలని కాలిని చూస్తే అలాగే ఉంటుంది. అడ్డకోతలో ప్రోబ్‌ను తేలికగా పట్టుకుని, పాదాన్ని పైకి ఎత్తి బయటికి తిప్పమనండి. పెరోనియల్ టెండన్లు ఎముక అంచు దాటి ముందుకు జారితే తెర మీదే కనిపిస్తాయి. గట్టిగా నొక్కితే మీ ప్రోబే వాటిని ఆపేస్తుంది.

టెండన్ చుట్టూ నీరు

కొద్దిపాటి నీరు సహజం. బొటనవేలిని వంచే ఫ్లెక్సర్ హాలూసిస్ లాంగస్ టెండన్ తొడుగు కొందరిలో చీలమండ కీలుతో కలిసి ఉంటుంది కాబట్టి, అక్కడ నీరు కనిపిస్తే ముందు కీలును చూడండి.