ఆఫీసు నుంచి నేరుగా బిర్యానీకి వెళ్తున్నారా? ఆర్డర్ ఇలా చెప్పండి

నకనకలాడే ఆకలితో మెనూ తెరిస్తే నలుగురూ నాలుగు స్టార్టర్లు చెప్పేస్తారు. తీరా బిర్యానీ వచ్చేసరికి ఎవరికీ కడుపులో చోటుండదు. నలుగురికి రెండు చాలు. చికెన్ 65 లాంటి వేపుడు ఒకటి, తందూరీ రకం ఒకటి. తందూరీది కూర్చోగానే చెప్పండి, దానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది.

దమ్ బిర్యానీ అలా కాదు. హండీలో సిద్ధంగా ఉంటుంది కాబట్టి వడ్డించడమే ఆలస్యం. అన్నీ ఒకేసారి చెబితే అదే ముందొచ్చి బల్ల మీద చల్లారిపోతుంది, నెయ్యి పేరుకుని మెతుకు బిగుసుకుంటుంది. అందుకే స్టార్టర్లు సగం అయ్యాక చెప్పండి, అదీ ముందు రెండే. ప్లేటు ఎంత ఉందో చూశాక మూడోది. రాత్రి పది దాటితే కొత్త హండీ తీశారా అని తప్పక అడగండి. ఎప్పుడో తెరిచిన హండీ అడుగున అన్నం ఎండి, ఉప్పు ఎక్కువై ఉండొచ్చు. నాన్ అయితే తలా ఒకటి చొప్పున విడతలుగా తెప్పించుకోండి, చల్లారితే సాగుతుంది.

బిల్లు పంచుకునే ముందు సర్వీస్ చార్జ్ వేశారేమో చూడండి. అది తప్పనిసరి కాదు. బిల్లులో దానంతటది కలపకూడదని 2022 జులైలో వచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. డబ్బు కట్టకముందే తీసేయమని అడిగి, సరిచేసిన బిల్లు తీసుకోండి. దాని మీద పడ్డ జీఎస్టీ కూడా తగ్గుతుంది. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.