తాబేలు పిల్లల తొట్టి కంపు కొడుతోందా?

మావాడు పట్టుబట్టి తెచ్చుకున్న రెండు రెడ్ ఇయర్డ్ స్లైడర్ జాతి తాబేలు పిల్లల పుణ్యమా అని రోజు విడిచి రోజు 40 లీటర్లు పారబోసేవాళ్లం, వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొనే తిరుపతి ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. కంపంతా మిగిలిపోయిన మేతదే. ఇప్పుడు తొట్టిలో మేత వేయడం మానేశా. పాత బేసిన్‌లో రెండంగుళాల నీళ్లు పోసి (తొట్టి నీళ్లంత వెచ్చగానే ఉండాలి), పిల్లల్ని అందులో వదిలి, తిన్నాక 20 నిమిషాలకు మళ్లీ తొట్టిలోకి మారుస్తున్నా. గలీజు కూడా చాలావరకు అక్కడే చేసేస్తాయి! చిన్న ఫిల్టర్ కూడా ఉంది కాబట్టి వారానికోసారి సగం నీళ్లు మారిస్తే చాలుతోంది. బేసిన్ మాత్రం వంటింటి సింకులో కడగొద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అంటుకోవచ్చు.

ఎక్కి ఆరడానికి పాత బంగాళా పెంకును నున్నటి రాళ్ల మీద ఏటవాలుగా, కదలకుండా పెట్టా. పైన బల్బు పెట్టి పెంకు మీద వేడి 30-32 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూడాలి, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లైటు వేరే కావాలి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దానికి పనికిరాదు.

కొత్తగా తెచ్చిన వారంలో మాత్రం ఈ బేసిన్ పద్ధతి పారదు, బెదిరిపోయి ముట్టుకోవు. అప్పటిదాకా తొట్టిలోనే కొంచెం వేసి, మిగిలింది వలతో తీసేయండి.