ఆపరేషన్ అయినంక మలబద్ధకమా? ఆముదం జోలికి పోకండి
మా వరంగల్ దిక్కు మోకాలు, తుంటి ఆపరేషన్ అయినోళ్లకు విరేచనం కాకపోతే పెద్దలు ముందుగాల ఆముదం తాగిస్తరు. వద్దు. వాకర్ పట్టుకొని బాత్రూంకు ఉరికితే మంచిగున్న కాలు గూడ విరుగుతది! అసలు కారణం చాలాసార్లు నొప్పి గోళీలే. ట్రమడాల్ లాంటివి పేగుల కదలికను తగ్గిస్తయి. అందుకే ఒట్టి ఇసబ్‌గోల్‌తోని పని కాదు, నీళ్లు తక్కువైతే ఇంకింత బిగుసుకుంటది. సునాముఖి ఆకు పేగులను కదిలిస్తది. రాత్రి తీసుకుంటే 6 నుంచి 12 గంటల్ల పనిచేస్తది. కషాయంల మోతాదు ఒక్కతీరుగ ఉండదు, అదే ఆకుతోని చేసిన గోళీ నయం. గుండె, కిడ్నీ మందులు వాడేటోళ్లు డాక్టరును అడగందే ముట్టుకోవద్దు. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ గూడ పోకపోతే ఏ ఆకూ వద్దు, వెంటనే దవాఖానకు పోవాలె.